1403 నాటి విలుకాడికి తోలు బెల్టు సంచి: ఒక కేస్ స్టడీ

కుర్రాడిది ఖమ్మం. బర్మింగ్‌హామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతాల్లో విలువిద్య. ఇంగ్లండ్‌లో పాత యుద్ధాలను ఆ కాలం బట్టల్లో, ఆ కాలం సామాన్లతో మళ్ళీ ఆడి చూపించే బృందాలు చాలా ఉన్నాయి, అలాంటి ఒకదాంట్లో చేరాడు. వాళ్ళు ఎంచుకున్నది ష్రూస్‌బరీ యుద్ధం. 1403 జూలై 21న నాలుగో హెన్రీ రాజుకీ, హాట్‌స్పర్ అని పిలిచే హెన్రీ పెర్సీకీ మధ్య జరిగింది. మనవాడి వేషం పెర్సీ పక్షాన నిలబడ్డ చెషైర్ ప్రాంతపు విలుకాడిది. బట్టలు, టోపీ, బూట్లు అన్నీ కుదిరాయి గానీ నడుముకు వేలాడే తోలు సంచి మాత్రం రెండో సీజన్‌కే ఊడి చేతికొచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో వేసుకుని నా దగ్గరికి తెచ్చి, "అన్నా, దీన్నే బాగు చేస్తావా, కొత్తది కుడతావా, నువ్వే చూసి చెప్పు" అన్నాడు.

నేను గుర్రపు జీనుల పని నేర్చుకున్నది బర్మింగ్‌హామ్ దగ్గరి వాల్సాల్‌లో. అక్కడ తోలు పని చేసేవాళ్ళు చిరిగిన సరుకు చేతికొస్తే ముందు ఎక్కడ చిరిగిందో చూస్తారు, ఎందుకు చిరిగిందో ఆలోచిస్తారు, ఆ తర్వాతే ఆరె (తోలుకు బెజ్జాలు పొడిచే పనిముట్టు) పట్టుకుంటారు. నేనూ అదే చేశాను. ఈ రాతలో సగం ఆ ఆలోచన గురించే, ఎందుకంటే మధ్యయుగపు సంచి అనగానే అందరి మనసులో ఒక మొరటు, మందపాటి, లావు కుట్ల సరుకు మెదులుతుంది. నిజంగా దొరికిన సంచులు దానికి దగ్గరగా కూడా ఉండవు.

పాత సంచిలో ఏముంది

పైకి చూస్తే గట్టి సరుకే. మూడున్నర మిల్లీమీటర్ల మందం ఆవు తోలు, లావు పాలిస్టర్ దారం, 5 మిల్లీమీటర్లకో కుట్టు, బెల్టు పట్టీలకు నికెల్ రివెట్లు. అంచును గోటితో గీకితే లోపల నీలిబూడిద రంగు కనిపించింది, అంటే క్రోమియం లవణాలతో పదును చేసిన (కుళ్ళకుండా నిలిచేలా నానబెట్టి తయారుచేసిన) తోలు. ఆ పద్ధతికి అమెరికాలో ఆగస్టస్ షుల్జ్ పేటెంట్ తీసుకున్నది 1884లో, కాబట్టి 1403 నాటి వేషానికి అది ఎలాగూ నప్పదు. కాలం సంగతి పక్కన పెట్టినా, అంత మందం ఉన్న తోలు రెండు సీజన్లలో ఎలా చిరిగిందన్నదే నాకు ముఖ్యం.

చిరిగింది రెండు పట్టీల రివెట్ల దగ్గర. గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం కిందికి సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది, ఒకవైపు పూర్తిగా తెగి అంచుదాకా పోయింది. కారణం ఆ మందమే. మనిషి కూర్చున్నప్పుడో, వంగి బాణాలు ఏరుకున్నప్పుడో సంచి తొడకు తగిలి పైకి తన్నుకుంటుంది. మెత్తటి సంచి అయితే ఒంటితో పాటు మడత పడి ఊరుకుంటుంది. ఇది వంగకుండా బిర్రుగా నిలబడి ఆ తోపు మొత్తాన్ని రెండే రెండు రివెట్ల మీదికి నెట్టింది. ఒక్కో రివెట్ చుట్టూ ఉన్న కాస్త తోలు అంత బరువును రోజంతా ఎంతకాలం మోస్తుంది? మిగతా సంచి మాత్రం కొత్తదానిలా ఉంది, ఒక్క కుట్టు కూడా వదలలేదు. అంటే బలం అవసరం లేని చోట పెట్టారు, అవసరమైన చోట పెట్టలేదు.

"మరి ఆ కాలంలో ఇంతకంటే గట్టిగా ఉండేవా అన్నా?" అని అడిగాడు. లెక్క వేసి చూపించాను. ఆ రోజుల్లో గుర్రం మీద వెళ్ళే ఇంగ్లిష్ విలుకాడి జీతం రోజుకు 6 పెన్నీలు. 1351 తర్వాత కొట్టిన వెండి పెన్నీ బరువు 18 గ్రెయిన్లు, అంటే 1.17 గ్రాములు (1412లో ఇంకా తగ్గించారు, అది మన యుద్ధం తర్వాతి మాట). పది రోజుల జీతం మొత్తం పెన్నీల్లోనే చేతిలో పోసినా 60 నాణేలు, 70 గ్రాములు. దానికి చెకుముకి రాయి, ఉక్కు ముక్క, దువ్వెన, ఒక అదనపు వింటినారి కలుపుకున్నా పెద్ద బరువేం కాదు. మూడున్నర మిల్లీమీటర్ల తోలు మోయాల్సిన సరుకు ఆ సంచిలో ఎప్పుడూ లేదు. దానికి కావలసింది నాణేలు జారిపోని కుట్టు, ఒంటికి అతుక్కుని ఉండే మెత్తదనం.

కాబట్టి పాతదాన్ని బాగు చేయనని చెప్పేశాను. రివెట్లు తీసి వెనక దన్ను ముక్క వేసి కుట్టొచ్చు, కానీ ఆ బిర్రుదనం పోదు, మళ్ళీ అక్కడే చిరుగుతుంది.

బెజ్జాలే ఆధారం

ఈ సంచులు ఎలా కుట్టేవాళ్ళో మనకు ఎలా తెలుసు? లండన్‌లో థేమ్స్ ఒడ్డున ట్రిగ్ లేన్, స్వాన్ లేన్, బిల్లింగ్స్‌గేట్ దగ్గర 1970లు, 80లలో తవ్వకాలు జరిగాయి. మధ్యయుగంలో అక్కడివాళ్ళు నదిలోకి చెక్క గోడలు కట్టి, వాటి వెనక ఊరి చెత్త పోసి, ఒడ్డును ముందుకు జరుపుకుంటూ పోయారు. ఆ చెత్త ఎప్పుడూ తడిగా, గాలి తగలకుండా ఉండిపోవడంతో చెప్పులు, బెల్టులు, కత్తి ఒరలు, సంచుల ముక్కలు ఆరేడు వందల ఏళ్ళు నిలిచాయి. గోడల దుంగల్లోని వలయాలను బట్టి, దొరికిన నాణేలను బట్టి ఏ పొర ఏ కాలానిదో లెక్క కట్టారు. సంచుల తయారీ లండన్‌లో ఒక ప్రత్యేకమైన వృత్తి కూడా. బెల్టులు చేసేవాళ్ళ సంఘానికి 1327లోనే రాజముద్ర పడ్డ అనుమతి పత్రం ఉంది, తోలు వ్యాపారుల సంఘానికి 1444లో చార్టర్ వచ్చింది.

అయితే ఆ మట్టిలో తోలు నిలిచింది గానీ దారం నిలవలేదు. ఉన్ని, పట్టు మిగులుతాయి, అవిసె నారతో చేసిన లినెన్ దారం మాత్రం కుళ్ళిపోతుంది. అందుకే తవ్వకాల్లో సంచి సంచిగా దొరకడం తక్కువ, విడివిడి ముక్కలుగా దొరుకుతుంది, కుట్టు ఉన్న చోట ఖాళీ బెజ్జాల వరస ఉంటుంది. చదవడం తెలిసినవాడికి ఆ వరసే చాలు. బెజ్జం ఒకవైపు సాగి ఉంటే దారం బిగువు ఆ దిక్కున ఉన్నట్టు. రెండు బెజ్జాల నడుమ నునుపు వైపున సన్నటి గాడి ఉంటే అక్కడ దారం పైన పరుచుకున్నట్టు. అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల లోపల బెజ్జాలుండి, పక్కన అదే దూరాల్లో బెజ్జాలున్న సన్నటి పట్టీ ముక్క దొరికితే, ఆ పట్టీని రెండు తోళ్ళ నడుమ పెట్టి లోపలి నుంచి కుట్టారన్నమాట.

లోపలి నుంచి కుట్టడమే ఈ పనికి ప్రాణం. రెండు ముక్కల నునుపు వైపులను ఎదురెదురుగా పెట్టి, నడుమ పట్టీ ఉంచి కుట్టి, తర్వాత సంచిని తడిపి తిరగేస్తారు. అప్పుడు దారం మొత్తం లోపలికి పోతుంది, బయట రాపిడి తగిలేది ఆ పట్టీ అంచుకు మాత్రమే. ఇప్పుడు బజారులో అమ్మే నకళ్ళలో చాలావాటికి కుట్టు బయటే ఉంటుంది, ఎందుకంటే మందపు తోలును తిరగేయడం కుదరదు. తోలు పల్చగా ఉంటేనే తిరగేయగలం, తిరగేస్తేనే కుట్టు దాగుతుంది, కుట్టు దాగితేనే పల్చటి తోలు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఒకదాన్ని మార్చి మిగతావి అట్టే పెట్టుకుంటామంటే కుదరదు.

తోలు

మా తాత వాళ్ళ ఊళ్ళో లందలు, అంటే తోళ్ళు నానబెట్టే గుంటలు, ఉండేవి. తంగేడు చెక్క దంచి, కరక్కాయ వేసి, సున్నంలో వెంట్రుక ఊడగొట్టిన తోళ్ళను ఆ నీళ్ళలో నానబెట్టేవాళ్ళు. ఇంగ్లండ్‌లో అదే పని ఓక్ చెట్టు బెరడుతో జరిగేది. చెట్టు మారింది గానీ పని చేసేది రెండు చోట్లా టానిన్లే, తోలులోని పోగులకు పట్టుకుని కుళ్ళకుండా కాపాడతాయి. డెవాన్‌లోని కోలిటన్‌లో ఒక కార్ఖానా ఇప్పటికీ ఓక్ బెరడు గుంటల్లోనే తోలు పదును చేస్తుంది, తోలు బయటికి రావడానికి ఏడాది పైనే పడుతుంది. తంగేడు పూసే ఊరి నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి, ఆ ఓక్ తోలు కట్ట విప్పినప్పుడల్లా దాని వాసన నాకు కొత్తగా అనిపించదు, చాలా ఇష్టంగా ఉంటుంది.

ఈ సంచికి ముందు, వెనక ముక్కలకు ఓక్ బెరడు దూడ తోలు తీసుకున్నాను, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం. నడిమి పట్టీకి అదే తోలును ఒక మిల్లీమీటరుకు పలచన చేశాను. మూత లోపలి అస్తరుకు 0.8 మిల్లీమీటర్ల మేక తోలు. వీపు భాగం నుంచి కోసిన తోలు సాగదు, పొట్ట భాగంలో సాగుతుంది. కాబట్టి వెనక ముక్క, బెల్టు పట్టీలు వీపు నుంచి కోశాను. ముందు ముక్కను కావాలనే పక్క భాగానికి కాస్త దగ్గరగా కోశాను, అది ఉబ్బాలి కాబట్టి.

ఆకారం కిడ్నీ ఆకారమే. పైన తిన్నగా, రెండు పక్కలా గుండ్రంగా దిగి, కింద నడుమ చిన్న నొక్కు. ఆ కాలం చిత్రాల్లో, సమాధుల మీది శిల్పాల్లో ఇది తరచు కనిపిస్తుంది, వెనకనుంచి ఒక బాకు ఒర దూర్చి ఉంటుంది. మనవాడికీ బాకు ఉంది, కాబట్టి రెండు బెల్టు పట్టీల నడుమ 5 సెంటీమీటర్ల ఖాళీ వదిలాను.

రంగు దగ్గర కొంచెం వాదన జరిగింది. "మ్యూజియంలో చూసినవన్నీ నల్లగానే ఉన్నాయి కదన్నా, నాక్కూడా నలుపే కావాలి." ఆ నలుపు మట్టిది. వందల ఏళ్ళు తడి మట్టిలో ఉన్న తోలు ఏ రంగుదైనా నల్లబడుతుంది, కొత్తలో అది లేత గోధుమ రంగుదో, ఎర్రదో అయి ఉండొచ్చు. నలుపు కావాలంటే చేయొచ్చు, వెనిగర్‌లో ఇనుప మేకులు నానబెట్టిన నీళ్ళు రాస్తే టానిన్‌తో కలిసి నిమిషంలో నల్లబడుతుంది, కానీ ఆ నీళ్ళు ఎక్కువైతే తోలు ఏళ్ళ మీద పెళుసవుతుంది. రెండు రకాల ముక్కలూ చేతికిచ్చాను. రెండూ వంచి చూసి రంగు వేయొద్దన్నాడు. నాకు సంతోషమేసింది.

ఫోన్ సంగతి

అసలు కష్టం ఇక్కడుంది. "అన్నా, ఏమనుకోకు, ఫోన్ పట్టాలి. ఇంటి నుంచి కాల్ వస్తే ఎత్తకపోతే అమ్మకి టెన్షన్." ఇందులో తప్పేం లేదు, ఈ రోజుల్లో ఈ సంచి కట్టుకునే ప్రతి మనిషి జేబులోనూ ఫోన్ ఉంటుంది. కానీ ఫోన్ 200 గ్రాములు, పది రోజుల విలుకాడి జీతానికి దాదాపు మూడింతలు, పైగా వంగని పలక. దాన్ని ముందు ముక్కకు ఆనేలా వదిలేస్తే పది అడుగులకోసారి కిందికి కొట్టుకుని ఆ నొక్కు దగ్గరి కుట్టును లాగుతూనే ఉంటుంది.

నేను చేసిందేమిటంటే, లోపల మందపు లినెన్ గుడ్డతో ఒక జేబు కుట్టి, దాన్ని వెనక ముక్క పై అంచుకు, సరిగ్గా బెల్టు పట్టీలు కలిసే వరసలోనే వేలాడదీశాను. ఫోన్ అడ్డంగా పడుకుంటుంది. తిరగేశాక సంచి లోపలి వెడల్పు 18 సెంటీమీటర్లు, ఫోన్ పొడవు 15, జేబు లోతు 9. బరువు పట్టీల గుండా తిన్నగా బెల్టు మీద పడుతుంది, ముందు ముక్కకూ కింది కుట్టుకూ దానితో పనిలేదు. మూత తీస్తే పైకి గుడ్డ అంచు తప్ప ఇంకేమీ కనపడదు.

కుట్టు

దారం నేనే పేనుకుంటాను. లినెన్ పోగులు మూడు కలిపి, చివర్లు కత్తిరించకుండా పీకి సన్నగా చేసి, తేనెమైనంలో కాస్త గుగ్గిలం కరిగించిన ముద్దతో రుద్ది, తొడ మీద పెట్టి అరచేత్తో పేనాలి. గుగ్గిలం వల్ల దారం బెజ్జంలో అతుక్కుని జారదు, ఒక కుట్టు తెగినా పక్కవి వదలవు. ఆ కాలంవాళ్ళు సూది బదులు అడవిపంది వెంట్రుకను దారం చివరకు చుట్టేవాళ్ళు, అది బెజ్జంలో ఎటు వంచితే అటు పోతుంది. సూదితోనూ చేయొచ్చు, మొన మొద్దుగా ఉన్న సూదులు కావాలి, పదును సూది అయితే ముందే వేసిన దారాన్ని చీల్చుకుని పోతుంది.

సంచి చుట్టూ కుట్టు పొడవు 45 సెంటీమీటర్లు. 3 మిల్లీమీటర్లకో బెజ్జం, మొత్తం 150. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ముందు ముక్క ఉబ్బాలంటే దాని అంచు వెనక ముక్క అంచు కన్నా కాస్త పొడుగ్గా ఉండాలి, నేను ఒకటిన్నర సెంటీమీటర్లు పెంచి కోశాను. బెజ్జాలు మాత్రం రెండింటికీ 150కి 150. వెనక 3 మిల్లీమీటర్ల దూరం, ముందు 3.1. ఆ పదో వంతు తేడా కంటికి ఆనదు, కానీ కుట్టుకుంటూ పోతే మిగులు తోలు మొత్తం వంపుల దగ్గర సర్దుకుని, మడత పడకుండా పొట్ట లేస్తుంది. ప్రతి పదో బెజ్జం దగ్గర రెండు ముక్కలకూ పెన్సిల్ గుర్తు పెట్టుకుంటే గుర్తుకు గుర్తు కలుస్తుంది, చివరికి వచ్చాక బెజ్జాలు మిగలడమో చాలకపోవడమో ఉండదు.

ఆరె సన్నదే వాడాలి. బెజ్జం దారం కన్నా చిన్నగా ఉండాలి, దారం లాగినప్పుడు గట్టిగా పట్టి, లాగాక తోలు మూసుకోవాలి. మొనను నూనె రాయి మీద నూరి, మధ్యమధ్య మైనంలో గుచ్చితే చెయ్యి నొప్పి సగం తగ్గుతుంది. నేను బెజ్జాలన్నీ ముందే పొడిచి పెట్టుకోను. గుర్తులు మాత్రం పెట్టి, ఒక్కోటి పొడుస్తూ ఒక్కో కుట్టు వేస్తాను, ముందే పొడిస్తే మూడు పొరలూ జరిగి బెజ్జాలు కలవవు. సంచిని మోకాళ్ళ మధ్య ఇరికించుకునే చెక్క బిగింపులో పెట్టి, దారం రెండు కొసలూ ఒకే బెజ్జంలోంచి ఎదురెదురుగా పోనిచ్చి, రెండు చేతులతో సమంగా లాగాలి. బిగువు ప్రతి కుట్టుకూ ఒకటే ఉండాలి. ఎక్కువ లాగితే 3 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న పల్చటి తోలును దారం కోసేస్తుంది, తక్కువైతే తిరగేశాక పళ్ళు ఇకిలించినట్టు సందులు పడతాయి.

నడిమి పట్టీ వెడల్పు 6 మిల్లీమీటర్లు. కుట్టు అంచుకు 4 మిల్లీమీటర్ల లోపల పడుతుంది, అంటే తిరగేశాక 2 మిల్లీమీటర్ల పట్టీ బయట కనిపిస్తుంది. ఇక అంచులు. మూడు పొరలు కలిస్తే 4 మిల్లీమీటర్ల మందం, అది తిరగేశాక లోపల గట్టులా నిలుస్తుంది, అందుకే కుట్టుకు ముందే రెండు తోళ్ళ అంచులనూ రంపెతో (తోలు చెక్కే కత్తితో) లోపలి వైపున పలచగా చెక్కాను. గుండ్రటి మూలల దగ్గర గాట్లు పెట్టలేదు, గాటు పెట్టిన చోట బలం పోతుంది, చెక్కితే సరిపోతుంది. కింది నొక్కు దగ్గర మాత్రం చెక్కడం చాలదు, అక్కడ రెండు మూడు చిన్న గాట్లు, కుట్టుకు 2 మిల్లీమీటర్ల ఇవతలే ఆగేలా.

బెల్టు పట్టీలకు రివెట్లు లేవు, ఈ కేసు మొదలైందే అక్కడ కాబట్టి దీని మీద ఎక్కువ సేపు కూర్చున్నాను. వెనక ముక్కలో సన్నటి చీలికలు కోసి, పట్టీ కొసను అందులోంచి లోపలికి పోనిచ్చి, లోపల ఇంకో తోలు ముక్క దన్నుగా పెట్టి, మూడింటినీ కలిపి రెండు వరసల కుట్టు వేశాను. పట్టీ కిందికి లాగినప్పుడు ముందు బరువు పడేది చీలిక అంచు మీద, ఆ తర్వాత రెండు వరసల మీద, ఏ ఒక్క బెజ్జం మీదా మొత్తం పడదు. చీలిక రెండు చివర్లా చిన్న గుండ్రటి బెజ్జం కొట్టాలి, లేకపోతే చీలిక అక్కడి నుంచి ముందుకు చిరుగుతుంది.

మూతకు అస్తరును గోధుమ పిండి జిగురుతో అతికించి, చుట్టూ సన్నగా కుట్టాను. మూసేందుకు 16 మిల్లీమీటర్ల పోత ఇత్తడి బకిల్. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నికెల్ పూత లేనిది ఎంచుకోవాలి, అంతే.

తిరగేయడం

ఈ ఘట్టం కోసమే నేను ఈ రకం సంచులు కుడతానంటే నమ్మాలి. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి పిండి, సంచిని బయటా లోపలా తుడిచి, ఓ ప్లాస్టిక్ సంచిలో చుట్టి కాసేపు పక్కన పెడతాను. నీళ్ళలో ముంచకూడదు, తోలు చల్లగా, మెత్తగా తగిలితే చాలు. తర్వాత కింది మూలల నుంచి మొదలుపెట్టాలి, నొక్కు దగ్గరి నుంచి కాదు. రెండు బొటనవేళ్ళతో ఒక మూలను లోపలికి తోస్తూ, పై అంచును ఇవతలికి ఒలుచుకుంటూ రావాలి. మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది, తోలు మొండికేస్తుంది, అంతలో ఒక మూల జారుతుంది, దాని వెనకే రెండోది వస్తుంది, చేతిలో ఉన్న అందం చందం లేని గరుకు ముక్క చూస్తుండగానే నున్నటి సంచి అవుతుంది. కుట్టు మొత్తం మాయమై, దాని చోట సన్నటి పట్టీ గీత ఒకటి చుట్టూ పరిగెత్తుతుంది.

మనవాడు ఆ రోజు పక్కనే ఉన్నాడు. "అన్నా, ఒక్కసారి నేను తోస్తానన్నా" అని రెండో మూల తనే బయటికి తీశాడు.

తిరగేశాక మొన గుండ్రంగా అరగదీసిన కర్రతో లోపలి నుంచి కుట్టు వెంబడి ఒత్తుకుంటూ పోవాలి, పట్టీ నిటారుగా నిలబడే దాకా. లోపల పాత గుడ్డలు కుక్కి, కావలసినంత పొట్ట వచ్చేలా సర్ది, నీడలో ఆరనివ్వాలి. హీటర్ దగ్గర పెట్టొద్దు. ఇలా టానిన్లతో పదును చేసిన తోలు తడిగా ఉన్నప్పుడు 70 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ముడుచుకుపోతుంది, ఆ ముడత మళ్ళీ విప్పలేం. సగం ఆరాక గుడ్డలు తీసి, మూత వేసి, బకిల్ పెట్టి, వంపు ఎక్కడ నిలవాలో అక్కడ చేత్తో నొక్కి మళ్ళీ ఆరబెట్టాను. ఆరిన తర్వాత గొడ్డు కొవ్వు, తేనెమైనం కరిగించి కలిపిన ముద్దను గుడ్డతో పల్చగా రాశాను.

తూకం వేస్తే 170 గ్రాములు వచ్చింది. పాతది 320.

వేసవి గడిచాక

ఆ వేసవంతా అతను దాన్ని వాడాడు, ఒక చోట మధ్యాహ్నం మొత్తం వానలో తడిసింది కూడా. సీజన్ అయ్యాక తెప్పించుకుని చూశాను. ముందుగా పట్టీలు. చీలికల దగ్గర తోలు కాస్త నలిగి మెరుస్తోంది, చిరుగు లేదు, రెండు వరసల్లో ఒక్క కుట్టూ కదల్లేదు. చుట్టూ ఉన్న నడిమి పట్టీ అంచు బాకు ఒర రాసుకున్న వైపు అరిగి గుండ్రబడింది, అంటే అది చేయాల్సిన పని చేసింది, దాని వెనకున్న దారానికి ఏమీ కాలేదు. వాన తర్వాత మూత కొస కొద్దిగా పైకి వంకర తిరిగింది. తడి ఎక్కిన తోలు బయట ఎక్కువ, అస్తరు వైపు తక్కువ ముడుచుకోవడం వల్ల అలా అవుతుంది, తడిపి బోర్లించి బరువు పెట్టేసరికి సర్దుకుంది. రంగు బాగా ముదిరింది, ఎండ తగిలిన వైపు తేనె రంగు దాటి గోధుమ రంగులోకి వచ్చింది, మూత కింద ఇంకా లేతగానే ఉంది. లినెన్ జేబు అడుగున ఫోన్ మూల తగిలే చోట గుడ్డ పల్చబడింది. అక్కడ లోపల చిన్న మేక తోలు ముక్క వేశాను, ఇకమీద మొదటే వేస్తాను.

సొంతంగా కుట్టాలనుకునేవాళ్ళకు కొన్ని కొలతలు చెబుతాను. ముక్కలను 20 సెంటీమీటర్ల వెడల్పు, 17 ఎత్తు కోస్తే తిరగేశాక లోపల 18 వెడల్పు మిగులుతుంది, నాలుగు మిల్లీమీటర్ల చొప్పున రెండు అంచులూ లోపలికి పోగా మిగతాది పొట్ట లేవడంలో పోతుంది. మేక తోలుతో చేస్తే 1.2 మిల్లీమీటర్ల మందం చాలు, కుట్టును రెండున్నర మిల్లీమీటర్లకు దగ్గర చేయండి. రెండు మిల్లీమీటర్లు దాటిన తోలుతో ఈ పద్ధతి వద్దు, మూలలు తిరగవు, తిరిగినా నునుపు వైపు పగుళ్ళు వస్తాయి. ముందు ఫెల్ట్ గుడ్డతో ఒకటి కుట్టి తిరగేసి చూడండి, ఆకారం ఎలా వస్తుందో అక్కడే తెలిసిపోతుంది. ఇండియాలో ఉన్నవాళ్ళకు ఓక్ తోలు కోసం వెతకాల్సిన పని లేదు, తమిళనాడులో చెట్టు బెరడు, కాయలతో పదును చేసే దూడ, మేక తోళ్ళు చెన్నై పెరియమెట్ దుకాణాల్లో దొరుకుతాయి. అంచు కోసి చూడండి, లోపలంతా లేత గోధుమ రంగే ఉండాలి, నీలం ఛాయ కనిపిస్తే వదిలేయండి.

అతని బృందంలోని ఒకావిడ ఇప్పుడు ఇంకోటి అడిగారు. ఆవిడ బాకు కట్టరు, కాబట్టి పట్టీల నడుమ ఖాళీ 3 సెంటీమీటర్లకు తగ్గిస్తున్నాను, ముందు ముక్క మీద నాణేలకు వేరే చిన్న అర కావాలన్నారు, దాని కుట్టు ఒక్కటే బయటికి కనిపిస్తుంది కాబట్టి రెండు మిల్లీమీటర్లకో బెజ్జం వేస్తున్నాను.